కెమేరా కంట్లో నలుసు

ఇంటి పనుల్లో మనం చేసుకోవలసినవేవి, బయటివాళ్ళ చేత చేయించుకోవలసినవేవి అన్నది ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. అయినా ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇత్తడి గిన్నె చింతపండు పెట్టి తోముకోవడం మన పని. కళాయి పూయడం కళాయివాడి పని. పరుపు ఎండలో వేసి దులుపుకోవడం మన పని. దూది ఏకించడం ఆ పని తెలిసినవాడికే వదిలేస్తాం. కుట్టుమిషనుకి నూనె మనమే వేస్తాం గానీ, లోపలి చక్రం అరిగితే మెకానిక్కు కోసం కబురు పెడతాం. ఈ సరిహద్దు రాయి ఎవరు పాతారో తెలీదు గానీ, దాన్ని దాటినవాళ్ళు చాలామంది సాయంకాలానికల్లా ఏదో ఒకటి పోగొట్టుకుని ఇవతలికి వస్తూంటారు.

చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా ఆ రాయి ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోవాలి. డిజిటల్ కెమేరా సంగతీ అంతే. దాని కంట్లో నలుసు పడితే మనమే తీసుకోవచ్చునా, లేక డాక్టరు దగ్గరికి పరుగెత్తాలా? బి.ఏ.లో చరిత్రా తెలుగూ చదువుకుని, నవలలు రాసుకుంటూ బతికే నాకు ఈ ప్రశ్నతో పని పడుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

రీలు కెమేరాల కాలంలో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఫోటో తీసినప్పుడల్లా రీలు ముందుకు జరిగేది. అంటే వచ్చిన ప్రతి అతిథికీ కొత్త విస్తరి వేసినట్టన్నమాట. ఒక విస్తట్లో ఈగ పడితే ఆ విస్తరితోనే పోయేది. డిజిటల్ కెమేరాలో ఉన్నది ఒకటే కంచం! ఎంతమంది వచ్చినా అందులోనే వడ్డించాలి. సెన్సారనే ఆ కంచంలో ఒక దుమ్ము కణం కూర్చుందా, పెళ్ళి ఫోటోలోనూ అదే, పుష్కరాల ఫోటోలోనూ అదే. అదీ వేరే చోట కాదు, అచ్చంగా అదే చోట.

ఆ కంచమైనా పెద్దదా అంటే, తపాలా బిళ్ళంత. నా కెమేరాలో దాని పొడవు 23.5 మిల్లీమీటర్లు, వెడల్పు 15.6. అందులో సుమారు 2 కోట్ల 40 లక్షల గళ్ళున్నాయి. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే, అందులో నాలుగు ముక్కలంత ఉంటుంది ఒక్కో గడి. మన తలవెంట్రుక మందం అలాంటివి సుమారు డెబ్భై ముక్కలు. కాబట్టి లోపల ఒక్క వెంట్రుక ముక్క పడిందంటే అడ్డంగా పదిహేడు, పద్ధెనిమిది గళ్ళు మూసుకుపోయినట్టే. ఇంకో మాట. దుమ్ము నేరుగా సెన్సారు మీద పడదు. దాని ముందు బిగించిన పల్చటి గాజుపలక మీద పడుతుంది. సెన్సారు మీద పడేది దాని నీడ మాత్రమే.

ఆ నీడ అన్నివేళలా కనిపించదు కూడాను. ట్యూబులైటు కింద చెయ్యి పెడితే గోడమీద నీడ మసక మసగ్గా ఉంటుంది. కొవ్వొత్తి దగ్గర పెడితే అంచులతో సహా పడుతుంది. వెలుగు వచ్చే చోటు చిన్నదయ్యేకొద్దీ నీడ గట్టిపడుతుంది. కెమేరాలోనూ అంతే. లెన్సు ద్వారం బాగా తెరిచి తీస్తే దుమ్ము ఆనవాలే ఉండదు. ఎఫ్-16, ఎఫ్-22 అని చిన్నది చేసి తీస్తే ఆకాశం నిండా మచ్చలే. అందుకే చాలామంది ఏళ్ళ తరబడి తమ కెమేరా శుభ్రంగా ఉందనుకుంటూ హాయిగా ఉంటారు. నేనూ అలాగే ఉండేదాన్ని, మా తాతయ్య హాజరు పట్టీ చేతికి వచ్చేదాకా.

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. దివిసీమలో ఒక పల్లెటూరి బడికి మేష్టారు. ఆయన రాసిన 1977-78 హాజరు పట్టీ తెనాలిలో మా పెద్దమ్మ పెట్టెలో ఉంది. ఉప్పునీటి చారలతో, మడత పెడితే అప్పడంలా విరిగే కాగితాలతో ఉన్న ఆ పుస్తకాన్ని ఎవరూ తాకకుండా ఆవిడ ఇన్నేళ్ళూ కాపాడింది. ఈ వేసవిలో పెద్దమ్మ ఫోను చేసి, "అమ్మడూ, ఇది నాకంటే ముందు పొయ్యేట్టుంది. ఫోటోలు తీసిపెట్టవే" అంది. ఇరవై నాలుగు పుటలు. ఒక్కో పుట తిప్పినప్పుడల్లా అంచు నుంచి పొడి రాలుతుంది. అంటే ఒక్కసారి తిప్పడానికే వీలన్నమాట. బాగా రాలేదని మళ్ళీ మొదటికి పోవడానికి లేదు.

కాగితాలు వంకర్లు తిరిగి ఉన్నాయి గనక, కొస నుంచి కొసదాకా స్పష్టంగా రావాలంటే లెన్సు ద్వారం చిన్నది చెయ్యాలి. అందుకని ముందు మా ఇంట్లోనే ఒక పాత తెలుగు వాచకాన్ని పెట్టి ఎఫ్-16లో తీసి చూశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే "రాములు" కాస్తా "ఠాములు" అయి కూర్చున్నాడు! ర మధ్య ఒక చుక్క పడితే ఠ అయిపోతుంది కదా మన లిపిలో. మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుకున్నాం. తరవాత తెల్లగోడని అదే ఎఫ్-16లో తీసి లెక్కపెడితే పదమూడు చుక్కలు తేలాయి.

నవ్వు ఆగిపోయింది ఎందుకంటే, తాతయ్య అలవాటు నాకు గుర్తొచ్చింది. హాజరు పట్టీలో వచ్చిన పిల్లవాడికి ఒక గీత, రాని పిల్లవాడికి ఒక చుక్క పెట్టేవాడాయన. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమని ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. తాతయ్య పట్టీలో ఆ తరవాత కొన్ని వారాల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. మళ్ళీ బడి మొదలైన నెల పుటలో ఆయన పాత పేర్లన్నీ, ఒక్కటీ వదలకుండా, వరసగా రాశాడు. ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. కొన్ని వరసల్లో నెలంతా చుక్కలే. అలాంటి పుట మీద నా కెమేరా తన చుక్క ఇంకొకటి కలిపితే? బడికి వచ్చిన పిల్లాడు రానివాడైపోడూ!

ఇంట్లో సభ జరిగింది. మా అత్తగారు "కంట్లో నలుసు పడితే కొంగు ముడి వేసి, నోటి ఆవిరి పట్టి అద్దుతాం కదమ్మాయ్, దీనికీ అంతే" అన్నారు. నోటితో ఊదితే గాలితోబాటు తుంపర కూడా పోతుంది, దుమ్ముకి జిగురు పూసినట్టవుతుంది. మా వారు "చౌరస్తాలో సైకిలుషాపు వాడి దగ్గర గాలి కొట్టిద్దాం" అన్నారు. ఆ యంత్రం గాలిలో నీళ్ళూ నూనే ఉంటాయి. పోనీ డబ్బాల్లో అమ్మే గాలి కొడదామంటే, డబ్బా వంచితే లోపలి ద్రవం చిమ్మి గాజు మీద మరకలు కడుతుంది.

మా అబ్బాయి మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, "సాఫ్ట్‌వేర్‌తో చెరిపెయ్యమ్మా, నిమిషం పని" అన్నాడు. ఆకాశంలో చుక్క అయితే సరే. చుట్టూ ఉన్న నీలం తెచ్చి అద్దేస్తుంది. చేతిరాత మీదైతే ఆ చుక్క కింద ఏముందో సాఫ్ట్‌వేరుకి ఏం తెలుసు? అది ఊహించి నింపుతుంది. ఊహించి నింపే పని నవలల్లో నేను రోజూ చేస్తాను గానీ, హాజరు పట్టీలో చెయ్యకూడదు.

"అయితే కొంచెం జరిపి రెండేసి ఫోటోలు తియ్యి. కెమేరాతోపాటు జరక్కుండా ఉన్న చుక్క దుమ్ము" అన్నాడు వాడు మళ్ళీ. తెలివైన మాటే, కాదనను. కానీ నలభై మంది పిల్లలూ, నెలకి ముప్ఫై గళ్ళూ, రెండేసి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని పోల్చేది ఇవాళ నేను. ఇరవై ఏళ్ళ తరవాత ఎవరు? ఫోటో తన మాట తనే చెప్పుకోవాలి.

కాబట్టి శుభ్రం చెయ్యాల్సిందే. ఇక్కడ మొదటి మెట్టు నిస్సందేహంగా మనదే. రబ్బరు బుడగలాంటి ఊదే సాధనం ఒకటి దొరుకుతుంది, బ్లోయరంటారు. పిల్లల ముక్కు శుభ్రం చేసే బుడగకి పెద్దన్నలా ఉంటుంది. కెమేరా బాటరీ నిండుగా ఉంచుకుని, మెనూలో శుభ్రపరచడానికి అద్దం పైకెత్తే ఏర్పాటు ఎంచుకుని, కెమేరా మూతిని నేలవైపు వంచి, కింద నుంచి నాలుగు సార్లు గట్టిగా ఊదాలి. బ్లోయరు ముక్కు కెమేరా గొంతులోకి దూర్చకూడదు. మూతి కిందికి ఎందుకంటే, లేచిన దుమ్ము మళ్ళీ అక్కడే వాలకుండా బయటికి రాలాలని. నేను ఊదాక పదమూడు చుక్కలు నాలుగయ్యాయి.

కెమేరా కంపెనీలు కూడా ఈ దులపరింపుకి ఓ ఏర్పాటు చేశాయి. 2003లో ఒలింపస్ వాళ్ళు ఇ-1 అనే కెమేరాలో సెన్సారు ముందున్న గాజుని అతి వేగంగా అదిరించి దుమ్ము రాల్చే పద్ధతి పెట్టారు. తరవాత మిగతా కంపెనీలవాళ్ళూ అందుకున్నారు. దుప్పటి దులిపినట్టన్నమాట. దులిపితే ఇసక రాలుతుంది గానీ, కాఫీ మరక పోతుందా? నా కెమేరాలో మిగిలిన నాలుగూ కాఫీ మరక జాతివి. పుప్పొడీ, తేమకి అతుక్కుపోయిన దుమ్మూ, ఒక్కోసారి కెమేరా లోపలి యంత్రం నుంచే చిందే నూనె బొట్లూ ఇలా అంటుకుంటాయి. 2012లో నికాన్ వాళ్ళు తెచ్చిన డి600 కెమేరాల్లో మచ్చల గోల ఎంత పెద్దదైందంటే, 2014లో ఆ కంపెనీ షట్టరు భాగాల్ని ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. కాబట్టి మచ్చ పడ్డ ప్రతివాళ్ళనీ అశ్రద్ధ మనుషులని నిందించనక్కర్లేదు.

సరే, తడిపని వచ్చేసరికి సరిహద్దు రాయి దగ్గరికి వచ్చాను. నిపుణులకే ఇద్దామని, పెద్ద బోర్డున్న ఒక షాపుకి తీసుకెళ్ళాను. పేరు చెప్పను. కెమేరా తీసుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయారు. రెండు రోజులన్నారు. పన్నెండొందలు తీసుకున్నారు. ఇంటికొచ్చి తెల్లగోడని తీస్తే రెండు చుక్కలు పోయి, వాటి బదులు అర్ధచంద్రాల్లా రెండు చారలు వచ్చాయి. వెనక్కి వెళ్ళి అడిగితే, "అది లెన్సు ప్రాబ్లం మేడమ్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నేను సంచీలోంచి ఇంకో లెన్సు తీసి, అక్కడే బిగించి, వాళ్ళ గోడనే తీసి చూపించాను. చారలు ఉన్నచోటే ఉన్నాయి. లెన్సు మారినా జరగని మచ్చ లెన్సుదెలా అవుతుంది నాయనా? "రేపు మా సార్ వస్తారు" అన్నాడు. ఆ రేపటి కోసం నేను ఆగలేదు.

కోపం మీద తడిపుల్లల పాకెట్టు తెప్పించాను. స్వాబులంటారు వాటిని. కొసన మెత్తటి గుడ్డ చుట్టిన చదునైన పుల్ల. గుడ్డ వెడల్పు సరిగ్గా సెన్సారు వెడల్పుకి సరిపోవాలి. దాని మీద రెండు చుక్కలు త్వరగా ఆవిరయ్యే మందు వేస్తారు. సాధారణంగా మిథైల్ ఆల్కహాలు. విషం, నిప్పుకి అంటుకుంటుంది, పిల్లలకి అందకుండా పెట్టాలి. ఒక కొస నుంచి రెండో కొసకి ఆపకుండా ఒక్కసారి లాగాలి. పుల్ల తిరగేసి, రెండో మొహంతో వెనక్కి ఒక్కసారి. అంతే, పారెయ్యాలి. ఒక మసిగుడ్డని ఉతికి ఉతికి ఏడాదిపాటు వాడే మన జాతికి ఈ పారెయ్యడమే అన్నింటికన్నా కష్టమైన నియమం! కానీ మొదటిసారి ఎత్తిన ఇసక రేణువు ఆ గుడ్డలోనే ఉంటుంది, రెండోసారికి అదే గీత గీస్తుంది.

పాకెట్టు బల్లమీద పెట్టుకుని లెక్క వేసుకున్నాను. పుల్ల ఖరీదు ఎంతో లేదు. గాజు మీద గీత పడితే ఆ భాగం మార్చడానికయ్యే ఖర్చు కెమేరా ధరలో పెద్ద వాటా. మన చేతి గీతకి గారంటీ పనిచెయ్యదు. పైగా నాకు గడువుంది. పెద్దమ్మకి ఎనభై నాలుగేళ్ళు, పట్టీకి దాదాపు యాభై. నేర్చుకోవడానికి ఇది సమయం కాదనిపించింది. పాకెట్టు విప్పకుండా బీరువాలో పెట్టేశాను.

అప్పుడు చెప్పారు ఎవరో, గవర్నరుపేట సందులో మేడమెట్ల కింద ఒక పెద్దాయన ఉన్నారని. రీలు కెమేరాలు విప్పి బిగించడంతో మొదలుపెట్టిన చెయ్యి. వెళ్ళగానే ఆయన అడిగిన మొదటి మాట, "బ్లోయరుతో ఊదారామ్మా?" అని. ఊదానన్నాను. "అయితే తెల్లగోడని తీసి చూపించండి." చూసి, చారల మీద వేలు పెట్టి, "ఇది మందు ఎక్కువై, చార కట్టి ఎండిపోయిన మరక" అన్నారు. ఎవరు చేశారని అడగలేదు. ఆ ఒక్క మర్యాదకే సగం నమ్మకం కుదిరింది నాకు.

"ఈ చుక్క ఫోటోలో పైన ఎడంపక్క ఉంది కదా. లోపల కింద ఎడంపక్క చూడాలి. లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది" అని చెప్పి, చేతులు కడుక్కొచ్చి ఫాను ఆపేశారు. మే నెల, బెజవాడ, ఫాను లేని మెట్ల కింద గది! చెమట కెమేరాలో పడుతుందేమోనని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన బాటరీ చూసుకున్నారు. మధ్యలో బాటరీ చచ్చిపోతే లేచిన అద్దమూ షట్టరూ పుల్ల మీద పడి విరుగుతాయట. దీపమున్న భూతద్దంతో లోపలికి చూశారు. మళ్ళీ ఊదారు. పుల్ల మీద మందు వేసి, వెంటనే పెట్టకుండా, గుడ్డ పీల్చుకునేదాకా ఆగారు. ఒక లాగు, ఒక తిరగేత, బుట్టలోకి. ఇంకో పుల్ల. మళ్ళీ తెల్లగోడ.

చారలు పోయాయి. చుక్కలూ పోయాయి, ఒక్కటి తప్ప. అది కింద కుడి మూలన చిన్నగా నిలబడి ఉంది.

"అది కూడా తీసెయ్యండి" అన్నాను. ఇల్లు తుడిచి ఒక మూల వదిలెయ్యడం మా వంశంలో లేదు.

ఆయన తియ్యలేదు. "దేనికోసం తీస్తున్నారన్నారు? పుస్తకమేగా. కింద నల్లగుడ్డ పరుచుకుంటారా?"

"అవునండీ."

"పుట చుట్టూ కాస్త జాగా వదలండి. ఈ మూల నల్లగుడ్డ మీదికి వస్తుంది. నల్లగుడ్డ మీద నల్లచుక్క ఎవరికి కనపడుతుంది? ఇంకోసారి తుడిస్తే పోతుందేమో. పోకపోతే ఇంకోసారి అంటారు. గాజుకి ఎన్నిసార్లని తగులుతాం? ఇక్కడికి చాలమ్మా."

ఆరువందలు తీసుకున్నారు. నేనే చేసుకోవచ్చునా అని అడిగితే దాచకుండా చెప్పారు. వారానికోసారి లెన్సులు మార్చేవాళ్ళూ, దగ్గర్లో మనిషి దొరకని ఊళ్ళో ఉన్నవాళ్ళూ నేర్చుకోవడమే మంచిదట. కొలతకి సరిపడే పుల్ల, దుమ్ములేని గది, తొందరలేని చెయ్యి ఉంటే చాలట. అద్దంలేని కొత్తరకం కెమేరాల్లో సెన్సారు లెన్సు తియ్యగానే ఎదురుగా కనిపిస్తుంది, అందుబాటులోనూ ఉంటుంది, దుమ్మూ అంత సులువుగానే చేరుతుంది. చెయ్యి వణుకుని సరిచెయ్యడానికి సెన్సారే కదిలే రకాలైతే, గట్టిగా నొక్కకూడదు. ఏడాదికి రెండుసార్లు మచ్చ చూసుకునే నాలాంటివాళ్ళు మాత్రం ఊదడం ఇంట్లోనూ, తడిపని తన దగ్గరా పెట్టుకోవచ్చునన్నారు. అంతకంటే ముందు లెన్సు మార్చేటప్పుడు కెమేరా ఆపి, మూతి కిందికి పెట్టి, గాలికి వీపు తిప్పి మార్చమన్నారు.

నాకు తోచినదేమిటంటే, డబ్బు తీసుకున్నంత మాత్రాన నిపుణుడు కాడు, ఇంట్లో చేసినంత మాత్రాన మొరటుపనీ కాదు. కర్టెన్ వెనక చేసేవాడికీ కళ్ళముందు చేసేవాడికీ ఉన్న తేడా, ఇంటికీ షాపుకీ ఉన్న తేడాకంటే పెద్దది. చేసేముందు గోడ ఫోటో, చేశాక గోడ ఫోటో చూపించేవాడికి కెమేరా ఇవ్వండి. చూపించనివాడికంటే మీ చెయ్యే నయం. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు దొరికితే మాత్రం ఆ మనిషి చిరునామా పోపుల డబ్బాలో దాచుకోండి.

తెనాలిలో పట్టీ ఫోటోలు ఒక్క పూటలో అయిపోయాయి. లెన్సు మార్చలేదు. పుట తిప్పినప్పుడల్లా పొడి కెమేరావైపు లేవకుండా పెద్దమ్మ ఊపిరి బిగబట్టి తిప్పింది. ఇరవై నాలుగూ వచ్చాయి. మూల చుక్క నల్లగుడ్డలో కలిసిపోయింది. సాయంకాలం లాప్‌టాప్ ముందు కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టి, బడి మళ్ళీ మొదలైన నెల పుట పెద్దది చేసి పెట్టాను. శుక్లాల ఆపరేషనయిన కళ్ళతో దగ్గరికి వంగి, ఒక గడి మీద వేలు పెట్టింది.

"ఇది నాన్న పెట్టిన చుక్కేనా? నీ కెమేరాదా?"

"తాతయ్యదే పెద్దమ్మా."

ఆవిడ ఆ వరస మొదట్లో ఉన్న పేరు పైకి చదివింది. తరవాత వేలు కింది వరసకి జరిపింది.